అత్త గది తలుపు

మా మేనత్త, మామ తమిళం మాట్లాడే మా ఊళ్ళో, కోసపాళయం అనే పేటలో ఒక మేడ మీద అద్దెకుండేవాళ్ళు. మా ఇల్లు వాళ్ళ వెనక సందులోనే. మామ రిటైరయ్యాక బ్యాటరీ స్కూటర్ కొన్నాడు. కింద ప్లగ్గు లేదు కాబట్టి బ్యాటరీని పైకి మోసుకొచ్చి హాల్లో చార్జింగ్ పెట్టేవాడు. ఆ మధ్యాహ్నం కూడా అలాగే పెట్టి, టీ తాగడానికి వీధి చివరికి వెళ్ళాడు. అత్త వెనక గదిలో పడుకుంది.

అరుపులు విని నేను పరుగెత్తేసరికి హాలు కిటికీ అద్దాల వెనక నల్లటి పొగ సుడి తిరుగుతోంది. ఎదురింటి టైలరు మెట్లెక్కి, పొగ బయటికి పోవాలని కర్రతో అద్దం పగలగొట్టాడు. పొగ వచ్చింది. దాని వెంటే మంట కూడా భగ్గున బయటికొచ్చింది. ఆయన చేసింది మంచిపనే కదా, మరి మంట ఎందుకు పెరిగిందో నాకు అర్థం కాలేదు.

ఫైరింజన్ వీధిలోకి పట్టక మలుపులోనే ఆగింది. గొట్టం లాక్కొచ్చినవాళ్ళు మెట్లెక్కలేదు. వీధిలోనే నిలబడి, పగిలిన కిటికీలోంచి లోపలి పైకప్పుకు తగిలేలా నీళ్ళు కొట్టారు. అప్పటికి మామ వచ్చేశాడు. వాళ్ళ ఆఫీసరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంది సార్ ఇది? మనిషి లోపల ఉండాదంటే ఈడ నిలబడి నీళ్ళు కొడతా ఉండారు. తలుపు పగలగొట్టండి."

"లోపల వేడి తగ్గకముందే తలుపు తీస్తే మంటకు గాలి ఇచ్చినట్టే," అన్నాడాయన తమిళంలో. "ఆమె పడుకునే గది ఎటువైపు? ముందు అది చెప్పండి."

మామ మెట్ల వైపే చూపిస్తున్నాడు. నేనే చెప్పాను, వెనకవైపు బాల్కనీ ఉందని. నిచ్చెన మోస్తున్న ఇద్దరిని మా సందులోకి తీసుకెళ్ళి, నేను ఆ బాల్కనీ కనిపించే మా డాబా ఎక్కాను.

మాస్కు పెట్టుకున్నాయన బాల్కనీ తలుపు గడియ విరిచాడు. గదిలో పైభాగమంతా పొగే. నేల దగ్గర మాత్రం మంచం కోళ్ళు, వాటి పక్కన అత్త చీర అంచు కనిపించాయి. ఆయన ఆమెను ఎత్తలేదు. ఆమెను దాటుకుని అటు గోడ దాకా పాక్కుంటూ వెళ్ళి, హాల్లోకి ఉన్న తలుపు మూశాడు. ఆ తర్వాతే వెనక్కి వచ్చాడు. అప్పుడు నాకు కలిగింది కోపమో భయమో ఇప్పటికీ చెప్పలేను.

అత్త బతికింది. కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. గొంతు మాత్రం బొంగురుపోయింది.

కృతజ్ఞత చెప్పుకోవడానికి ఫైర్ స్టేషన్‌కు వెళ్ళినప్పుడు ఆ మాస్కు పెట్టుకున్నాయన్ని అడిగాను, ఆ తలుపు ఎందుకు మూశారని.

"నేను బాల్కనీ తెరిచాను కదక్కా. అది మూయకపోతే హాల్లోని పొగా వేడీ ఇటే వచ్చేవి."

"అయితే తలుపు వల్లే బతికిందా, బయటినుంచి కొట్టిన నీళ్ళ వల్లా?"

"రెండూ కావచ్చు. నేను వెళ్ళేసరికి తలుపు సగం తెరిచి ఉంది. అంతకుముందు ఎంతసేపు మూసి ఉందో మీ అత్తగారికే తెలియాలి."

అత్తను అడిగితే, "ఏసీ వేసుకుంటే తలుపు తెరిచి పెడతానా?" అంది. ఇంకో రోజు తనే, "దగ్గొచ్చి లేచి, తెరిచి చూసినట్టుండాది. కలేమో," అంది. మామ లెక్క వేరు. ఆ నీళ్ళు కొట్టే బదులు నేరుగా లోపలికి పోయుంటే ఆమె గొంతు పాడయ్యేది కాదంటాడు. టైలరు ఒకసారి నన్ను పక్కకు పిలిచి, తను అద్దం పగలగొట్టకుండా ఉండాల్సిందా అని అడిగాడు. తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు.

ఇప్పుడు వాళ్ళు సారం అనే ఇంకో పేటలో ఉంటున్నారు. మొన్న వెళ్ళినప్పుడు భోజనాలయ్యాక అత్త పడుకోవడానికి లేచింది.

"తలుపు తీసే పెట్టు, పిలిస్తే ఇనపడాల," అన్నాడు మామ.

"మూసుకో అత్తా," అన్నాను నేను.

ఆమె గుమ్మంలో ఆగి మా ఇద్దరి వైపూ చూసింది. "ఏదో ఒకటి చెప్పండి," అంది. మామ నా వైపు చూశాడు. మూసుకోమనే మళ్ళీ అన్నాను, కానీ ఈసారి నా గొంతులో అంత ధైర్యం లేదు.