సీనియారిటీ మీద నడిచిన బొమ్మబండి

రిటైరైన కొత్త రోజుల్లో మగవాడికి రెండోసారి నూనూగు మీసాలు మొలుస్తాయి. అద్దంలో కనపడవు గాని వాటి తాలూకు పొగరు మాత్రం అలాగే ఉంటుంది. ఇంతకాలం కంపెనీ సైరను మాట విన్నాం, ఇక లోకం మన మాట వింటుందన్న ధీమా వస్తుంది. నాకూ వచ్చింది. గని సర్వే ఆఫీసులో మ్యాపులు గీస్తూ జీవితం గడిపినవాణ్ణి, రాత్రి పడుకునే ముందు డైరీ రాయనిదే కన్ను మూతపడనివాణ్ణి. రిటైరైన మొదటి నెల డైరీ తీస్తే ప్రతి పేజీలోనూ ‘పాలు, పేపరు, నిద్ర’ అనే ఉంది. ఆ మూడు మాటల బారి నుంచి తప్పించుకోవడానికి గోదావరిఖనిలో మా ఇంటి ముందుగదిలో ప్లైవుడ్ బల్ల వేసి, దాని మీద మా పాత బొగ్గు సైడింగును, అంటే రైలు వ్యాగన్లకు బొగ్గు నింపే చోటును, బొమ్మగా చిన్న ఎత్తున కట్టడం మొదలుపెట్టాను. పట్టాలు, బంకరు, వ్యాగన్లు, రెండు డీజిల్ ఇంజన్లు. వ్యాగన్లలో అసలు బొగ్గే పోశాను (మా ఊళ్ళో దానికి కరువా!). మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "నువ్వు డ్యూటీల ఉన్నప్పుడే నయముండె. బొగ్గు బయటనే ఉండె" అంది.

ఈ పనిలో నాకు తోడు మా బావ, అంటే మా ఆవిడ అన్న. సర్వీసంతా సైడింగులో పాయింట్స్‌మన్‌గా చేశాడు. ఇంజను ఏ లైనులోకి పోవాలో ఆ లైనుకు పట్టాలు కలపడం, పచ్చజెండా ఊపడం, పక్కకు తప్పుకోవడం ఆయన పని. చేరిన కొత్తలో ఆయన బదిలీ కార్మికుడు, అంటే పర్మనెంటు మనిషి రాని రోజున మాత్రమే పిలిచే మనిషి. అలా ఏళ్ళు గడిచాక గాని పర్మనెంటు కాలేదు. ఆ ఏళ్ళు సర్వీసులో కలవలేదు. అందుకని ఆయన తర్వాత చేరినవాళ్ళు డ్రైవర్లయి ఇంజను ఎక్కారు, ఆయన కింద నిలబడి వాళ్ళకు జెండా ఊపాడు.

మా మొదటి కంట్రోలు పెట్టె పాతరకానిది. గుండీ తిప్పితే పట్టాల్లోకి కరెంటు పోతుంది, పట్టాల మీదున్న ఇంజన్లు రెండూ ఒకేసారి ఉరుకుతాయి, ఒకేసారి ఆగుతాయి. డిజిటల్ పద్ధతి వేరు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ప్రతి ఇంజను కడుపులో గోరంత చిప్పు, దానికో నంబరు. ఏ నంబరు పిలిస్తే ఆ ఇంజనే కదులుతుంది. ఇది బావకు వివరించి చెప్పాను.

"అంటే నీ బండి నువ్వు, నా బండి నేను నడుపుకోవచ్చు?"

"నడుపుకోవచ్చు."

"ఒకల్నొకలు అడుగకుంట?"

"అడగనక్కర్లేదు."

బావ ఇంజను చేతిలోకి తీసుకుని, చక్రాలు పైకి తిప్పి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు.

బజారులో ఉన్న డిజిటల్ పెట్టెల రకాలను వడగడితే చివరికి రెండు మిగిలాయి. ఒకటి గుండీ ఉన్న చేతిపెట్టెతో వచ్చేది. గట్టిది, కాని దాంతో నడిపేది ఒక్కరే. రెండోది ఫోన్లతో కలిసేది. ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని ఎవరి ఇంజను వాళ్ళు నడుపుకోవచ్చు. బావకు కావలసింది రెండోదే. నేను మాత్రం పద్ధతి ప్రకారం పోవాలని పట్టిక గీశాను. చేతికి ఒదగడం, మరమ్మతు, మా ఊరి దుమ్ముకు తట్టుకోవడం (డిజిటల్ బండికి పట్టాల మీద రవంత మసి ఉన్నా చాలు, మొరాయిస్తుంది) ఇలా గళ్ళు గీసి మార్కులు వేశాను. "మన పెండ్లిచూపులకు గూడ ఇంత ఎంక్వైరీ జెయ్యలే నువ్వు," అని మా ఆవిడ ఎత్తిపొడిచింది. నిజానికి ఆ పట్టికను నేను తప్ప ఎవరూ చదవలేదు.

ఎందుకంటే ఈలోగా లీడర్ కాక వచ్చాడు. మాతో పాటు పొద్దున్నే నడిచే వాళ్ళలో ఆయనొకడు, పాత యూనియన్ నాయకుడు. ఇంకో ఇద్దరు నడక మిత్రులతో కలిసి బండి చూడ్డానికి వచ్చి, కొత్త పెట్టెను అందరూ చందా వేసుకుని కొందామని ప్రతిపాదించాడు. చందా వచ్చిందంటే సభ్యులు వచ్చినట్టే, సభ్యులు వచ్చారంటే మెజారిటీ వచ్చినట్టే. వారం తిరగకముందే మా ఇంటి గేటు ముందు గేట్ మీటింగ్ పెట్టాడు. గని గేటు ముందు షిఫ్టుకు పోయేవాళ్ళను ఆపి మాట్లాడిన అలవాటు, మా సందులో కూరగాయలకు పోయేవాళ్ళను ఆపి మాట్లాడాడు.

"కార్మిక సోదరులారా! ఇయ్యాల ఫోన్ల బండి నడుపుమంటరు, రేపు డ్రైవరే వద్దంటరు! చేతుల గుండీ ఉన్నోడే డ్రైవరు. ఫోను పట్టుకున్నోడు డ్రైవరెట్లయితడు? ఇది ప్రైవేటోళ్ళ కుట్ర!"

"ఎవల కొలువు పోతున్నది కాకా?" అని కూరగాయల సంచితో ఆగిన ఒకాయన ఆదుర్దాగా అడిగాడు.

మా ఆవిడ తల పట్టుకుంది. "పాలాయన గూడ సమ్మె అనుకొని వాపస్ పోయిండు," అంది.

ఓటింగు జరిగింది. స్టీలు డబ్బాలో చీటీలు వేశాం. నేను, బావ ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. గుండీ పెట్టె గెలిచింది. బావ చిన్నగా నవ్వి, "పోనీ తియ్యి బావా. ఒక్కటే ఉంటేంది, ఎవల వంతు వాళ్ళకొస్తది గద," అన్నాడు.

పెట్టె వచ్చిన రోజున బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. ముందు ఎవరు నడపాలన్న మాట వచ్చింది. లీడర్ కాక గొంతు సవరించుకున్నాడు.

"సీనియారిటీ ప్రకారం పోవాలె. లేకుంటే డిసిప్లిన్ ఉండది."

"గట్లయితే నేనే మొదలు కాకా," అన్నాడు బావ. "మీ అందరికన్న ముందుగాల సైడింగుల జొచ్చింది నేనే."

"బదిలీ కింద జొచ్చినవు తమ్మీ. బదిలీ కాలం లెక్కకు రాది. రూలు నేను వెట్టిన్నా?"

(ఆ రూలు తీసెయ్యాలని గని గేటు ముందు గొంతు చించుకున్నవాడు ఈ లీడర్ కాకే. ఆ ఉపన్యాసాలకు చప్పట్లు కొట్టినవాళ్ళలో బావ కూడా ఉన్నాడు.)

"ఈ బొమ్మబండికి గూడ రాదా కాకా?"

"బొమ్మదైతేంది, అసలుదైతేంది? రూలు రూలే."

ఇది వేళాకోళమని మొదట నేను నవ్వాను. ఎవరూ నవ్వకపోయేసరికి, ఆ రూలు ఈ గదిలో చెల్లదని వాదించాను. మళ్ళీ ఓటు, మళ్ళీ ముగ్గురికి ఇద్దరు. బావ పేరు అందరికన్నా కింద పడింది. వంతు వచ్చేదాకా ఖాళీగా కూర్చోవడం దేనికని ఆయనకు పాయింట్లు కలిపే పని అప్పజెప్పారు. లీడర్ కాక మొదటి వంతు ‘ట్రయల్ రన్’ పేరుతో సాగుతూనే పోయింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేల్చే బ్లాస్టింగుకు బల్ల అదిరి వ్యాగన్లు పడిపోతే, "పాయింట్స్‌మన్ ఏం జేస్తున్నడు?" అని కేక వేసేవాడు. బావ వంగి, ఒక్కొక్క వ్యాగనూ లేపి పట్టాల మీద పెట్టేవాడు. కొన్నాళ్ళకు రావడం మానేశాడు.

వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో మంచానికి నవారు బిగిస్తున్నాడు.

"ఏంది బావా, కనపడట్లేదు?"

"సర్వీసంత ఒకల బండికి జెండా ఊపిన బావా. పెన్షన్ తీసుకుంట గూడ గదేనా?"

ఆ రోజే నిర్ణయించుకున్నాను. పట్టిక లేకుండా, మీటింగు లేకుండా ఫోన్ల పెట్టె తెప్పించాను. లీడర్ కాక దీన్ని ఏకపక్ష చర్య అన్నాడు. గుండీ పెట్టెను, మిగతా ఇద్దరినీ తీసుకుని వెళ్ళిపోయాడు. పీడ పోయిందనుకుని బావకు కబురు చేశాను. ఆయన రాలేదు. మళ్ళీ నేనే వెళ్ళాను.

"ఇప్పుడు ఎవరినీ అడగనక్కర్లేదు బావా. ఒక ఇంజను నీదే."

"నువ్వు కొన్నవు, నువ్వు ఇస్తున్నవు," అన్నాడు బావ నవారు మంచం మీద కూర్చుని, కోపం లేకుండానే. "వంతు వస్తే నడిపేటోన్ని. మెహర్బానీ కింద ఇచ్చేది డ్రైవరు కొలువెట్లయితది? చాయ్ తాగి పో."

తాగి వచ్చాను. మా ఆవిడ ఆ రోజు నాతో మాట్లాడింది ఒక్కటే మాట: "సర్వీసుల వాళ్ళు ఎక్కనియ్యలే, రిటైరైనంక మీరంత గలిసి ఎక్కనియ్యలే."

బావ ఇప్పటికీ పండక్కి, పబ్బానికి మా ఇంటికి వస్తాడు. ముందుగది దాటుకుని నేరుగా వంటింట్లోకి, చెల్లెలి దగ్గరికి పోతాడు. నేను పొద్దున్నే పట్టాల మసి తుడిచి, కుడిచేతిలో నా ఫోను, ఎడమచేతిలో మా ఆవిడ పాత ఫోను పట్టుకుని కూర్చుంటాను. ఆ రోజుల్లో గళ్ళు గీసుకుంటూ, ఏ పెట్టె మంచిదో తేలితే చాలు, తక్కినవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని నమ్మిన ఆ కొత్తమీసాల ముసలాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పాపం, పట్టిక మాత్రం చక్కగా గీశాడు. ఇప్పుడు మా సైడింగులో రెండు ఇంజన్లూ దేని దారిన అది, ఒకదానితో ఒకటి పని లేకుండా, ఎంతో బుద్ధిగా నడుస్తాయి. రెండింటినీ నేనే నడుపుతాను.