ఖాళీ గడిలో ఉప్పు

ఇందులో కల్పించి చెప్పినది ఒక్క ముక్కా లేదు. సమయం గోడ గడియారంలో చూసినదే. తడి నా వేలితో తాకినదే. నమ్మడం, మానడం తరువాత... ముందు వినండి.

మచిలీపట్నంలో ఒక ఐసు ప్లాంటుకు నేను ఇంజినీరుని. మా కూలీలు పనిలోకి వచ్చేటప్పుడు హాజరు వేయరు. వేట పడవలు సముద్రపు పోటు మీద బయలుదేరాలి గనుక రాగానే ఐసు ఎత్తుతారు. రాత్రి ఎనిమిదింటికి, దిగేటప్పుడు, ఉప్పునీటి చేతులు కడుక్కుని పుస్తకంలో వేలిముద్ర వేస్తారు.

మా కూలీల్లో అవనిగడ్డ ఏసురత్నం గారు ప్రమాదం జరిగిన రోజు ఎనిమిది దాకా లేరు. సాయంత్రం నాలుగింటికి ఐసు చితక్కొట్టే యంత్రం ఆయన కుడిచేతి వేళ్లను లాగేసింది.

ఆయన డ్యూటీలో ఉన్నారని నేను ధ్రువీకరిస్తే బీమా వైద్యం వెంటనే అందేది. "పుస్తకంలో ఉన్నదే రాయండి. అబద్ధం ఆడమనడం లేదుగా," అన్నారు యజమాని. రాశాను... ఆ తేదీన వేలిముద్ర లేదని. అక్షరాలా నిజం. చికిత్స వాయిదా పడుతూ పోయింది. చీము పైకి పాకింది. చివరకు మణికట్టు దాకా తీసేశారు.

నష్టపరిహారం విచారణకు ముందు రోజు. చేపల వేట నిషేధ కాలం, ప్లాంటు మూసి ఉంది. ఐసు గడ్డకట్టే ఉప్పునీటి తొట్టి ఖాళీ. నీటి వాల్వు కట్టేసింది నేనే. ఆఫీసు గదిలో ఒక్కడినే కూర్చుని హాజరు పుస్తకం తెరిచాను. ఆ తేదీన ఏసురత్నం గారి గడి ఖాళీగానే ఉంది. పక్కన నా వాంగ్మూలం. అందులోనూ అదే వాక్యం.

ఎనిమిదయింది.

బయట కుళాయి తిప్పిన చప్పుడు...

నీళ్లు పడుతున్నాయి. ఎవరో చేతులు రుద్దుకుంటున్నారు. తొందర లేదు. కుళాయి ఆగింది. రబ్బరు బూట్లు... ఒక అడుగు... మరొకటి... గుమ్మం దాకా వచ్చి ఆగాయి.

టార్చితో వెళ్లేసరికి ఎవరూ లేరు. కుళాయి కింద సిమెంటు తాకి చూశాను. పొడిగా ఉంది. పగటి వేడి ఇంకా పోలేదు.

తిరిగి వచ్చి చూస్తే... గడిలో తడి. సిరా లేని బొటనవేలి ముద్ర. మధ్యలో అడ్డంగా పాత కోత గీత. వెనక పేజీలు తిప్పి, భూతద్దం పెట్టి పోల్చాను. ఆయనదే. లేని చేతిది.

తెల్లవారగానే అవనిగడ్డ వెళ్లాను. ఆయన మంచం మీద ఉన్నారు. రాత్రి ప్లాంటు వైపు వచ్చారా అని అడిగాను. వాకిట్లోకి రావాలన్నా తానే పట్టుకోవాలని, ఇంజినీరు గారికి ఇప్పుడు గుర్తొచ్చామా అని ఆయన భార్య మరియమ్మ గారు దెప్పారు. ఆయన మొండి మణికట్టు వైపు చూసుకున్నారు.

"లేని చెయ్యేనండీ. అయినా రోజూ ఎనిమిదింటికి తడితడిగా అనిపిస్తదండీ. తుడుచుకుందామంటే... ఏది తుడవను?"

తెగిన అవయవం ఉన్నట్టే తోచడం నరాల లక్షణమని తరువాత చదివాను. హాజరు పుస్తకంలో పడ్డ ముద్ర లాంటి సంగతి మాత్రం అందులో ఎక్కడా లేదు.

వాంగ్మూలం చింపేసి, విచారణలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఆ రోజు పనిలోనే ఉన్నారని అధికారి రాసుకున్నారు. ఈ మాట అప్పుడే రాసి ఉంటే చెయ్యి దక్కేది కదా అని అడిగారు.

అధికారి హాజరు పుస్తకం దగ్గరకు లాక్కున్నారు. గడి ఆరిపోయింది. పైన సన్నగా, తెల్లగా ఏదో పేరుకుని ఉంది. వేలితో తాకి, "ఇదేమిటండీ?" అన్నారు.

"ఉప్పండీ," అన్నాను.

కానీ చేతులు కడుక్కోవడం నేను విన్నాను... ఎంతోసేపు కడుక్కున్నారు. కడిగిన వేలికి ఉప్పెక్కడిది?