రాతినార వత్తి

పులివెందుల కొండల్లో, భూగర్భం నుంచి ఏనాడో కాగి ఉబికిన నల్లరాయి సున్నపురాతి పొరల్లోకి చొరబడినచోట, ఆ రెండింటి సందున పట్టుకుచ్చులాంటి రాతినార, అదే ఆస్‌బెస్టాస్, పుట్టింది. గనిలో ఏసుమణి పొద్దస్తమానం ఆ రాతిని సుత్తితో చితగ్గొట్టి, నారను వేళ్లతో దువ్వి, పోగు కొసను పెదవుల మధ్య తడిపి సాగదీసి పొడవు చూస్తుంది. ఆమె కనురెప్పల మీద ఎప్పుడూ తెల్లటి నూగు, మాటమాటకూ దగ్గు. ఆ నార నిప్పుకు కాలదని తెలిసిన నాటి నుంచి, క్రిస్మస్‌లోగా తమ ఊరి చర్చి దీపానికి మాడిపోని వత్తి పేనాలని ఆమె కోరిక.

ఒక సాయంత్రం గని వాకిట కావలివాడు కంబన్న ఆమె కొంగుముడి విప్పించాడు. గుప్పెడు నార బయటపడింది. “ఏమమ్మా, కంపెనీ సొత్తు యాడికి ఎత్తకపోతాండావు?” అన్నాడు. “దేవుని దీపానికప్పా, వత్తి పేనుదామని.” “దేవునికైనా దొంగసొత్తే గదా! నార పట్టుబడితే మళ్లీ పనిలోకి రానీయొద్దని దొర ఉత్తరువు. రేపట్నుంచి నీకీడ పని లేదు.” ఏసుమణి ఆ గుప్పెడూ అతని చేతిలో పోసింది. దగ్గుతెర తగ్గేదాకా వాకిలి గుంజ పట్టుకుని నిలబడి, ఆపైన రొమ్ము మీద అరచేయి వేసుకుంది. “ఈడ ఇంకా శానా ఉండాది కంబన్నా. ఇన్నేండ్లూ దినామూ ఎత్తకపోతానే ఉండా. దీన్ని మాత్రం మీ దొర ఒక్కనాడూ సోదా చేయించలేదే!”