స్పోర్ట్స్ కారుకి జత

2023 మార్చి. గుంటూరులో మిర్చి సీజను మంచి ఊపు మీదుంది. అరండల్‌పేటలో నా ఆఫీసు కిటికీ తెరిస్తే చాలు, లారీల మోతతో పాటు ఘాటు కూడా లోపలికొచ్చేది. వచ్చిన క్లయింటు ముందు తుమ్మి, తర్వాత నమస్కారం పెట్టేవాడు. నా వృత్తి ప్రాజెక్ట్ రిపోర్టులు రాయడం. ఎవరైనా కొత్త వ్యాపారం పెడుతుంటే అది నిలబడుతుందా, సరుకు ఎవరు కొంటారు, ఎన్నాళ్లకి తేరుకుంటుంది అన్నవి తేల్చి చెప్పాలి. దీన్నే ఫీజిబిలిటీ స్టడీ అంటారు. కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, కారప్పొడి యూనిట్లు... నిజం చెప్పొద్దూ, కోల్డ్ స్టోరేజీ రిపోర్టయితే నన్ను నిద్రలేపి రాయమన్నా రాసేస్తాను. అంత విసుగు పుట్టేసింది.

అలాంటి రోజుల్లో సుబ్బారావు గారు ఫోన్ చేశారు. ఆయనకి కోల్డ్ స్టోరేజీలున్నాయి, నా పాత క్లయింటు.

"సరోజమ్మా, చిలకలూరిపేట రోడ్డులో మన పాత జిన్నింగ్ మిల్లు ఉందే, ఆ షెడ్డులో ఒకడు కారు చేశాడు. రేసు కారు లాంటిది. ఒకసారి చూసి చెప్పమ్మా."

"చేశాడంటే? రిపేరా?"

"రిపేరేందమ్మా! మొత్తం వాడే చేశాడంటన్నా. నన్ను పార్ట్‌నరుగా చేరమంటన్నాడు. నువ్వు సరేనంటే చేరతా. కాదంటే వచ్చే నెల షెడ్డు ఖాళీ చేయించి మిర్చి బస్తాలు వేసుకుంటా."

ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని, చేతిలో ఉన్న కారప్పొడి యూనిట్ ఫైలు మూసి పక్కన పడేయడం. స్పోర్ట్స్ కారు! గుంటూరులో! నా వయసు పదేళ్లు తగ్గినట్టయింది.

కారు చేసినతను వేణుమాధవ్. నలభై దాటాయి. చెన్నైలో పెద్ద కార్ల కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేసి మానేసి వచ్చాడు. అతనితో పాటు ఆరుగురు పనివాళ్లు, అందరూ ఆటోనగర్‌లో వెల్డింగు, డెంటింగు, పెయింటింగు చేసినవాళ్లే. మధ్యలో ఆ కారు. పసుపు రంగు, పైకప్పు లేదు, రెండే సీట్లు, నా నడుం ఎత్తు కూడా లేదు. ఇంజను మాత్రం బయట కొన్నాడు. ఛాసిస్, అంటే బండి అస్థిపంజరం, దాని మీద ఫైబరు బాడీ, సీట్లు అన్నీ అక్కడే తయారు. హోమోలోగేషన్ కూడా అయిపోయింది. కొత్త బండి రోడ్డెక్కాలంటే పరీక్షలన్నీ నెగ్గి తెచ్చుకోవాల్సిన అనుమతి అది. చిన్న తయారీదారులు చాలామంది అక్కడే చతికిలబడతారు. ఇతను ఆ గండం దాటేశాడు.

"ఏడాదికి ఎన్ని అమ్మితే గట్టెక్కుతావు?" అన్నాను.

"పన్నెండు, మేడమ్. అంతకన్నా ఎక్కువ చెయ్యలేం కూడా. చేత్తో చేసే పని కదా."

"అమ్మలేకపోతే?"

అతను చేతి గుడ్డతో బానెట్ మీద లేని దుమ్ము తుడిచాడు. "మళ్లీ ఉద్యోగమే. అక్కడ నేనేం చేసేవాణ్ణో తెలుసా? తలుపుల హ్యాండిల్స్ డిజైన్ చేసేవాణ్ణి. కారు మొత్తం వేరేవాళ్లది, నావి హ్యాండిల్స్. ఇప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ హ్యాండిల్స్ అంటే నావల్ల కాదు మేడమ్."

ఆ మాటకి నా గుండె కలుక్కుమంది. కానీ నా పని జాలిపడడం కాదు, కొనేవాళ్లని వెతకడం. స్మాల్ వాల్యూమ్, అంటే కొద్ది సంఖ్యలో చేసే తయారీదారుకి ఉండే తిప్పలే అవి: పెద్ద కంపెనీకి లక్షల మందిలో సగటు మనిషి కావాలి, ఇతనికి పన్నెండుమంది పిచ్చివాళ్లు కావాలి. వాళ్లెక్కడుంటారు?

స్పోర్ట్స్ కారు ధర పెట్టగలిగినవాళ్లనే అడిగాను. గుంటూరు, విజయవాడల్లో డాక్టర్లు, బిల్డర్లు, స్పిన్నింగ్ మిల్లుల వాళ్లు. ఒక డాక్టరు గారు ఫొటో చూసి "అబ్బ!" అన్నారు. ఆ వెంటనే, "ఇదే ధరకి జర్మన్ కారొస్తుందండీ" అన్నారు. ఒక బిల్డరు షెడ్డుకొచ్చి కూర్చుని చూసి, "ఇదేంటండీ, నేల మీద పీట వేసుకుని కూర్చున్నట్టుంది. మనం ఎత్తులో ఉండి కిందకి చూడాలి గానీ, ఆటోవాడు మనల్ని కిందకి చూస్తాడా?" అన్నాడు. ఆయన భార్య ఇంకా సూటిగా, "వెనక సీటేది? మా అత్తగారిని ఒళ్లో కూర్చోబెట్టుకోవాలా?" అంది. నాకు నవ్వాగలేదు, వేణు ముఖం చూసి ఆపుకున్నాను.

"మీ కారు లాంటిది ఇంకెవరి దగ్గరా ఉండదు సార్, ప్రతి కారూ వేరే రంగు" అని వేణు ఆశగా చెప్పేవాడు. అదే అతని అమ్మకపు మంత్రం. దానికీ ఎవరూ పడలేదు.

ఒకరోజు విసిగిపోయి అతని మీదే అరిచాను. "ఇంత చదువుకున్నావు, వెనకాల ఒక్క సీటు పెట్టలేవటయ్యా?"

"పెడితే అది వేరే కారైపోద్ది మేడమ్" అన్నాడు, నెమ్మదిగానే.

రిపోర్టు చివరి పేజీ తప్ప అంతా రాసేశాను. ఆ పేజీలో ఏం రాయాలో కూడా తెలుసు: మార్కెట్ లేదు. రాయబుద్ధి కాలేదు. "ఇంత రాశాను, ఒక్కసారైనా ఎక్కకుండా ఎలా?" అని వంక పెట్టుకుని వేణుని బయలుదేరదీశాను. అద్దంకి వైపు వెళ్దామన్నాడు.

అబ్బబ్బ, ఆ ప్రయాణం! చీర కొంగు నడుముకి బిగించి, తలకి స్కార్ఫు కట్టి కూర్చున్నాను. హైవే ఎక్కాక అతను యాక్సిలరేటర్ తొక్కాడో లేదో, వీపు సీటుకి అతుక్కుపోయింది. ఎర్రగా ఆరబోసిన మిర్చి కల్లాలు అటూ ఇటూ గిర్రున వెనక్కి పోతున్నాయి. నేను అరుస్తున్నానని నాకు తర్వాత తెలిసింది. యాభై రెండేళ్ల మనిషిని, చిన్నపిల్లలా కేకలు! "ఇంకా పోనీ, ఇంకా పోనీ!" అన్నాను. రిపోర్టు రాసేవాళ్లు అలా అనకూడదు, కానీ అన్నాను.

అద్దంకి దాటాక ఒక ఊళ్లో రోడ్డు మొత్తం జనంతో ఆగిపోయింది. శ్రీరామనవమికి ఎడ్ల బండలాగుడు పోటీలు. పెద్ద రాతిబండని ఎడ్ల జతకి కట్టి, ఇచ్చిన సమయంలో ఎవరు ఎక్కువ దూరం లాగిస్తే వాళ్లు నెగ్గినట్టు. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు. ఒక జత బండని ఈడ్చుకుంటూ వస్తుంటే జనం ఊగిపోతున్నారు. మేము కారాపి దిగాం.

కాసేపటికి చూద్దును కదా, పోటీ వదిలేసి కొంతమంది కారు చుట్టూ చేరారు! అందులో ఒకాయన భుజాన కండువా, మోచేతుల దాకా మట్టి. పేరు కోటయ్య, అదే ఊళ్లో పెద్ద ఆసామి; ఎకరాలకెకరాలు పొగాకు, మిర్చి వేస్తాడట. పొద్దున జరిగిన పోటీలో రెండో బహుమతి ఆయన ఎడ్లదే. ఆయన నన్నేమీ అడగలేదు. ముందు కారుకి ఎదురుగా నిలబడి చూశాడు. తర్వాత పక్కకెళ్లి ఒంగి చక్రాల వెనక సస్పెన్షన్ చూశాడు. అరచేత్తో బాడీ నిమిరాడు. వెనక చక్రం మీద ఉబ్బెత్తుగా ఉన్న చోట చెయ్యి ఆపి, "మూపురం బాగా కుదిరింది" అన్నాడు.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఇన్ని వారాల్లో ఆ కారుని అలా చూసినవాళ్లే లేరు!

"ఎవురు చేశారయ్యా దీన్ని?"

"మేమేనండి, గుంటూరు దగ్గర" అన్నాడు వేణు.

"మేమంటే? ఎముకలు అతికినోడు ఎవురు? పైతోలు ఎక్కించినోడు ఎవురు?"

వేణు ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. కోటయ్య ప్రతి పేరుకీ తలూపాడు. మైలేజీ అడగలేదు, వెనక సీటు అడగలేదు. చివరికి అటూ ఇటూ చూసి, "మరి దీని జతేది?" అన్నాడు.

"జతేంటండీ?"

"ఏందయ్యా, ఒంటెద్దుని ఎవురన్నా కొంటారా? దీన్ని తోలుకొచ్చావు, జోడుది ఇంటికాడ కట్టేసొచ్చావా?"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. కోటయ్య మాత్రం నవ్వలేదు. వేణు తన మంత్రం అందుకున్నాడు: ప్రతి కారూ వేరే, ఇలాంటిది ఇంకొకటి ఉండదని. కోటయ్య ముఖం మాడిపోయింది. "అదే తప్పయ్యా. రెండూ ఒక్కలాగుండాల. తెల్లగా, ఒకే ఎత్తున. రెండుంటే తీసుకుంటా."

అప్పుడు నేను అందుకున్నాను. "కోటయ్య గారూ, ఈ ఎడ్ల మీద మీకు ఏడాదికి ఏం మిగుల్తుంది?"

ఆయన భార్య రాజ్యం పక్కనే ఎడ్లకి ఉలవలు పెడుతోంది. చేయి ఆపి నా వంక జాలిగా చూసింది. "మిగలటమేందమ్మా? ఉలవలు, గుడ్లు, ఖర్జూరం, బాదంపప్పు... మా ఇంట్లో మేం తినం అంత. మిగిల్తే ఎడ్లెందుకు, గేదెల్ని కొనుక్కుందుము."

అంతే! నా తలలో దీపం వెలిగింది. నేను ఇన్నాళ్లూ కార్లు కొనేవాళ్లని వెతికాను. కార్లు కొనేవాళ్లకి కారు పనికొచ్చే వస్తువు; సీట్లు లెక్కపెడతారు. లాభం లేకపోయినా అందంగా, బలంగా ఉన్నదాన్ని ఇంటి ముందు కట్టేసుకుని మురిసిపోయేవాళ్లు, దాన్ని పెంచినవాడి పేరు గుర్తుపెట్టుకునేవాళ్లు ఇక్కడ ఊరికొకరున్నారు! నేను వేణు చెయ్యి పట్టుకుని ఊపేశాను. "పన్నెండుమంది అక్కర్లేదయ్యా! జతలు అమ్ము. ఆరుగురు చాలు!"

"జతగా ఎవరైనా కారు కొంటారా మేడమ్?"

"ఎదురుగా ఉన్నాడు కదయ్యా, కళ్లు తెరిచి చూడు!"

వేణుకి ఒకటే దిగులు పట్టుకుంది. "కోటయ్య గారూ, ఇది నేలకి దగ్గరగా ఉంటుంది. మీ ఊరి రోడ్ల మీద కింద తగులుద్ది. నేను ఎత్తు పెంచలేను" అన్నాడు. ఆ నిజం అప్పుడే చెప్పాలా అని నాకు ఒళ్లు మండింది.

"నిన్ను పెంచమన్నానా?" అన్నాడు కోటయ్య. "ఎద్దుని కొట్టానికి సరిపోయేట్టు కోసుకుంటామా? కొట్టాన్నే సరిచేసుకుంటాం. మా ఇంటి నుంచి రోడ్డు దాకా సిమెంటు నేను పోయించుకుంటా."

తర్వాత పక్షం రోజులు నేను ఆఫీసులో లేను. బండలాగుడు పోటీల కమిటీల చుట్టూ, ఎడ్లు పెంచే రైతుల ఇళ్ల చుట్టూ తిరిగాను. సర్వే ప్రశ్నలన్నీ మార్చేశాను. అందరూ సరేననలేదు. ఒకాయన "ఇది పేడ వేస్తదా?" అని ఏడిపించాడు. కొందరు బ్రహ్మాండమంటూనే వెనక్కి తగ్గారు. కానీ నలుగురు షెడ్డుకొచ్చి పని చూస్తామన్నారు. ఆర్డర్ బుక్, అంటే ముందుగా చేతికందిన గట్టి బేరాల లెక్క, మొదటిసారి సున్నా దాటేట్టుంది.

సుబ్బారావు గారిని షెడ్డుకి పిలిచాను. అదే రోజు రమ్మని కోటయ్యకి కూడా చెప్పాను. ఆయన రాజ్యాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పనివాళ్లు సుత్తులు దించి గోడవారగా నిలబడ్డారు. వేణు ముఖంలో నెత్తురుచుక్క లేదు.

సుబ్బారావు గారు నా రిపోర్టు తిప్పి చూశారు. "ఎడ్లోళ్లు కొంటారా సరోజమ్మా? నువ్వే రాశావా ఇది?"

"నేనే రాశానండి."

"సరే, కొన్నారే అనుకుందాం. నాలుగేళ్లలో ఏడాదికి వంద చేయొచ్చా? అట్టయితే చెప్పు, రేపే చేరతా."

ఇక్కడ అబద్ధం చెప్పడం ఎంత తేలికో! ఒక్క అంకె రాస్తే వేణు గట్టెక్కుతాడు. కానీ నాకు నిజం చెప్పాలనే ఉత్సాహంగా ఉంది. "వంద చేస్తే మూసెయ్యాల్సిందేనండి. ఇది పెరిగే వ్యాపారం కాదు, నిలబడే వ్యాపారం. ఏడాదికి ఆరు జతలు, అంతే."

సుబ్బారావు గారి ముఖం ముడుచుకుంది. వేణు కళ్లు మూసుకున్నాడు. ఇంతలో కోటయ్య గట్టిగా, "వంద చేస్తే నాకొద్దు! ఊరంతా ఉంటే నాదెందుకంటా?" అన్నాడు.

సుబ్బారావు గారు ఆయన వైపు తిరిగారు. "ఇంతకీ నీకు రెండెందుకయ్యా? ఒకేసారి రెండింట్లో ఎక్కలేవుగా?"

కోటయ్య కాస్త తడబడ్డాడు. జవాబు రాజ్యం చెప్పింది. "ఒకటి ఆయనది, ఒకటి నాదండి. పాతికేళ్లుగా ఎడ్లని మేపేది నేను, పగ్గం పట్టి ముందు నడిచేది ఆయన. మైకులో నా పేరు ఒక్కసారన్నా రాలా. దీన్ని మాత్రం ఇద్దరం తోలతాం. నేను లైసెన్సు ఎప్పుడో తెచ్చుకున్నా, ట్రాక్టరు కూడా తోలతా."

కోటయ్య నేల చూపులు చూస్తూ, "నాకంటే బాగా తోలతది" అన్నాడు.

నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. సుబ్బారావు గారు లేచి, కారు చుట్టూ ఒకసారి తిరిగారు. షెడ్డుని రెండుగా చీలుస్తున్న ఇటుక గోడ దగ్గర ఆగి, దాని మీద అరచేత్తో రెండు దెబ్బలు వేశారు.

"వేణూ, ఈ గోడ కొట్టెయ్. రెండు కార్లు పక్కపక్కన పెట్టి చేయాలిగా."

వెల్డరు ముందుగా ఈల వేశాడు. తర్వాత ఏం జరిగిందో వరసగా చెప్పలేను, అందరూ ఒకేసారి అరిచారు. వేణు మాత్రం ఆ గోడకే ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఆ గోడ పోవడం తప్ప, ఇప్పటికీ ఆ షెడ్డు అంతే ఉంది. ఆరుగురు పనివాళ్లు ఎనిమిదిమంది అయ్యారు. ఏడాదికి ఆరు జతలు దాటలేదు, ఒక ఏడాది నాలుగే అమ్ముడయ్యాయి, ఆ ఏడు వేణుకి చుక్కలు కనిపించాయి. కొనేవాళ్లు వారం వారం వచ్చి, తమ బండి ఎంతవరకు వచ్చిందో చూసుకుని, చేసేవాళ్లకి కొత్త కండువాలు కప్పి వెళ్తారు. ఈ కేసు తర్వాత నా సర్వేలో మొదటి ప్రశ్న మారిపోయింది. మీకేం కావాలని అడగడం మానేశాను. లాభం లేకపోయినా మీరు దేన్ని పోషిస్తున్నారని అడుగుతాను. చాలామంది ముందు నవ్వుతారు. నవ్వు ఆగాక, పక్కన ఉన్న భార్య వైపో భర్త వైపో చూస్తారు. అప్పుడు నేను ఆ పక్కనున్న మనిషిని కూడా అదే అడుగుతాను.