రెండు పాయల మెలిక

2023 నవంబరు 16, గురువారం. షార్జాలో, అల్ నహ్దాలోని మా అమ్మాయి ఫ్లాట్‌లో మనవరాలికి తలంటు పోశాను. తప్పు నాదే కాబట్టి తేదీ గుర్తుంది.

మా అల్లుడిది కెన్యా. ఆరేళ్ల మనవరాలికి తండ్రి జుట్టే వచ్చింది. సన్నని స్ప్రింగుల్లా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు పద్దెనిమిది కొట్టి, పులుసు తీసి, నురగ వచ్చేదాకా గుండ్రంగా రుద్దాను. ఆరాక చూస్తే తల వెనక అట్టకట్టింది. దువ్వెన దిగలేదు.

హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చిన అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయింది.

"రుద్దావా? దాని జుట్టు మన జుట్టులాంటిదా అమ్మా?"

"నీకూ ఇలాగే పోశాగా. నీకేమైంది?"

"ఆదివారం దాకా చూస్తా. చిక్కు విడకపోతే కత్తిరించేస్తా."

పిల్ల రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. రెండేళ్లుగా పెంచుకున్న జుట్టు.

శుక్రవారం బడి లేదు. అమ్మాయి డ్యూటీకి వెళ్లగానే దువ్వెన తీశాను.

"అలా కాదమ్మమ్మా! ముందు నీళ్లు కొట్టు. తర్వాత క్రీమ్."

"తడి జుట్టు దువ్వితే ఊడిపోదూ?"

"మమ్మీ తడిగానే దువ్వుద్ది. కొసల నుంచి. యల్లా, త్వరగా!"

అరవై ఎనిమిదేళ్ల వయసులో నాకు తెలిసిందంతా తలకిందులైంది. అట్టకట్టిన చోటు వేళ్లతో విడదీయడానికే గంటా పది నిమిషాలు పట్టింది. తర్వాత మళ్లీ చిక్కుపడకుండా చిన్న పాయలు తీసి, ఒక్కోదాన్ని రెండుగా చేసి మెలిపెట్టాలి. నా వేళ్లు మూడో పాయ కోసం వెతికేవి. "రెండే, రెండే" అని పిల్ల అద్దంలో నవ్వేది. కుడికి తిప్పుతున్నానో ఎడమకో మర్చిపోయి, నాలుగు విప్పి మళ్లీ వేశాను. తొమ్మిదింటికి కూర్చుంటే లేచేసరికి పన్నెండూ నలభై. మెలికలు ముప్పై ఒకటి.

ఆదివారం సాయంత్రం అమ్మాయి కత్తెర పక్కన పెట్టుకుని వాటిని విప్పింది. నేను లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది చిక్కు లేకుండా విడిపోయాయి. మెడ దగ్గరి రెండు ముడిపడ్డాయి. అమ్మాయి కత్తెర అందుకుంది. పిల్ల కళ్లు మూసుకుంది. రెండింటి కొసలూ గోరంత కత్తిరించి, కత్తెర సొరుగులో పడేసింది.

"ఖలాసా?" అంది పిల్ల.

"ఖలాస్. మళ్లీ వేయించుకో, మీ అమ్మమ్మతోనే."

ముప్పై ఒకటీ ఒకే చేత్తో, ఒకేలా వేశాను. ఆ రెండే ఎందుకు ముడిపడ్డాయో నాకు ఇప్పటికీ బోధపడలేదు.