కూర్చోబెట్టిన ఇంగ్లీషు

ముసునూరులోని ఒక ప్రైవేటు బడిలో జోజమ్మ మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతుంది. మొదట్లో ఆమె క్లాసులో ఎవరూ పుస్తకం తెరిచేవారు కాదు. "స్టాండప్" అంటూ ఆమె లేస్తే పిల్లలూ లేచేవాళ్లు. "జంప్" అని గెంతితే గెంతేవాళ్లు. "పిక్ ద మ్యాంగో" అంటే అందరూ మునివేళ్ల మీద నిలబడి, లేని కొమ్మను వంచి లేని కాయను తుంచేవాళ్లు. తెలుగులో అర్థం చెప్పాల్సిన పనే ఉండేది కాదు.

అదే క్లాసులో మామిడితోట కాపలాదారు కూతురు నవ్యకు నత్తి. పక్కవాళ్లు నవ్వుతారని బడిలో నోరే విప్పేది కాదు. ఒకరోజు అందరితో పాటు గెంతుతూ గెంతుతూ "జంప్!" అని తానే గట్టిగా అరిచింది. మాట తడబడలేదు. ఆ మాటకు క్లాసంతా గెంతింది.

తర్వాత కొన్నాళ్లకు గదుల్లో కెమెరాలు పెట్టారు. తల్లిదండ్రులు ఫోన్లలో చూశారు. బడి నడిపే కరస్పాండెంటు పాండురంగారావు జోజమ్మను పిలిపించాడు.

"ఏంటి టీచర్ గారూ ఆ గెంతులు? ఫీజులు కట్టేది పిల్లల్ని కోతుల్ని చెయ్యటానికా అని నన్ను నిలదీస్తున్నారు."

"మాటలొస్తున్నాయి కదండీ. ఒకసారి నవ్యని చూడండి."

"వస్తే రానీండి, కూర్చునే రావాలి. రేపట్నించి ఒక్కరు కూడా బల్ల దిగకూడదు."

పిల్లలు కూర్చుని వల్లె వేయడం మొదలుపెట్టారు. నవ్య మళ్లీ మూగబోయింది. జోజమ్మకు ఆ గదిలో ఊపిరాడేది కాదు.

అంతలో హనుమాన్ జంక్షన్‌లోని ఒక బడివాళ్లు ఆమె పద్ధతి గురించి విని కబురు పెట్టారు. ఖాళీ హాలు ఇస్తాం, మీకు నచ్చినట్టు చెప్పుకోండి అన్నారు. ఇంట్లో ఆ మాట ఎత్తడానికే ఆమె జంకింది. భర్త మార్టిన్ రెండేళ్ల కిందట మామిడికాయలు కోస్తూ కొమ్మ విరిగి పడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు. మధ్యాహ్నం బెల్లు కాగానే ఆమె ఇంటికి వచ్చి, అతన్ని పక్కకు తిప్పి, అన్నం పెట్టి మళ్లీ బడికి వెళ్లాలి. ఊళ్లో బడి కాబట్టి కుదురుతోంది.

విషయం విని మార్టినే అన్నాడు: "వెళ్లు జోజీ. అన్నం పక్కన పెట్టేసి వెళ్లు. నేను తింటాలే."

ఊళ్లో బడి మానేసి వెళ్లింది. ఆ హాల్లో పిల్లలతో కలిసి చెమటలు పట్టేదాకా గెంతింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి మార్టిన్ మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. కంచం అందుకోబోయి జారాడట. చెదిరిన మెతుకుల మీదుగా చీమలు బారులు తీరి అతని కాళ్లెక్కాయి. ఆ కాళ్లకు ఏమీ తెలియలేదు.

"ఎవర్నన్నా పిలవలేకపోయారా?"

"పిలిచా. అందరూ తోటలకెళ్లారుగా. ఏం కాలేదులే, రేపు కూడా వెళ్లు."

గోరువెచ్చని నీళ్లతో అతని కాళ్లు తుడుస్తుంటే ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అతని మీదేనేమో అనిపించి సిగ్గుపడింది.

మర్నాడు మళ్లీ పాత బడిలోనే చెబుతానంటూ పాండురంగారావు దగ్గరికి వెళ్లి నిలబడింది. "మీరెక్కడికెళ్తారమ్మా? ఇల్లు ఇక్కడుంటే," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. ఉన్నమాటే అన్నాడు. "గెంతులు మాత్రం వద్దు."

ఇప్పుడు జోజమ్మ కుర్చీలో కూర్చునే "టచ్ యువర్ నోస్" అంటుంది. పిల్లలు బల్ల దిగకుండా ముక్కు పట్టుకుంటారు. నవ్య వేలు అందరికంటే ముందే ముక్కు మీదికి వెళ్తుంది. గొంతు మాత్రం ఇంకా రాలేదు.