జగ్గయ్య పనామా భాష

గోపాలపట్నంలో జగ్గయ్య అంటే ఏ జగ్గయ్య అని అడుగుతారు. తొమ్మిది భాషల జగ్గయ్య అంటే చాలు, రిక్షావాడు నేరుగా ఇంటి ముందే దింపుతాడు. తెలుగు లెక్కలోకి రాకుండా తొమ్మిది!

భీమిలి దగ్గరి పల్లెలో ఐదో తరగతితో చదువు ఆగిన మనిషి. కలాసీగా పోర్టులో చేరి సిగ్నల్ మేన్ అయ్యాడు. అంటే ఓడ మీద నిలబడి, చేతి సైగతో వించ్ నడిపించేవాడన్నమాట. ఆ చెయ్యి లేస్తేనే సరుకు లేచేది, దిగితేనే దిగేది. తుపాను వచ్చిపడేలోగా ఎరువుల ఓడని ఖాళీ చేయించింది ఆ చెయ్యే. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఆయన సైగ మీద ఒక్కడి కాలివేలు నలగలేదు. అలాంటి మనిషి తన గొప్ప తాను చెప్పుకుంటే తప్పేముంది? జగ్గయ్య ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు.

భాషలు కూడా ఆయనకు అబ్బింది ఆ ఓడల మీదే. వలలో బస్తాలు పైకి లేచినప్పుడల్లా ఓడ మనిషీ మన మనిషీ కలిసి గట్టిగా లెక్కపెట్టాలి. పది కాగానే మళ్లీ ఒకటి. ఓడవాడు తన భాషలో మొదలుపెడితే జగ్గయ్య అదే భాషలో అందుకునేవాడు. ఆ తర్వాత తిండి, పెళ్లాం పిల్లలు, తిట్లు, ఒకటొకటిగా వంటబట్టేవి. ఏ భాషో ఎలా తెలిసేదంటారా? ఓడ వెనకభాగాన ఊరి పేరో దేశం పేరో రాసి ఉంటుంది కదా! ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. పనామా అని ఉంటే పనామా భాష, మన్రోవియా అని ఉంటే మన్రోవియా భాష.

రిటైరైన పోర్టు కార్మికుల సంఘం 2003లో ఆయనకు సన్మానం తలపెట్టింది. సంఘం కార్యదర్శి అర్జునరావు, జగ్గయ్యకు స్వయానా బావమరిది, ఒకప్పటి గుమస్తా. ఆహ్వానపత్రిక రాస్తూ రాస్తూ కలం ఆపాడు.

"బావా, తొమ్మిది బాసలని అచ్చేత్తే, రేపెవుడో లేచి పనామా బాసేటని అడుగుతాడు. అలాటిది లేనే లేదంట."

"నాను మాటాడతంతే లేదంతావేటిరా?"

"నువ్వు మాటాడితే సరా? రుజువు సూపించు. లేదంతే బాసల ఊసెత్తను. చిరకాలం పనిసేసిన జగ్గయ్యగారు అని ఏసి ఊరుకుంతాను."

జగ్గయ్యకు అన్నం సహించలేదు. చిరకాలం పనిచేసినవాళ్లు వందలమంది ఉన్నారు. తొమ్మిది భాషలవాడు తనొక్కడే. అదీ పోతే ఇంకేం మిగిలింది?

భార్య గంగాలమ్మ కంచం ముందుకు తోసి, "తెలుగులో తినమని సెప్పీసినాను. ఇంకే బాసలో సెప్పాలో నువ్వే సెప్పు," అంది.

బస్టాపు దగ్గర ఫ్లోరెన్స్ అనే అమ్మాయి నెట్ సెంటరు నడుపుతోంది. ప్రపంచంలోని భాషలన్నీ వివరించి, ఆయా మనుషుల గొంతులు వినిపించే వెబ్‌సైట్లు ఉన్నాయని ఆమె చెప్పింది. మర్నాడు బావాబావమరుదులిద్దరూ చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి అడుగుపెట్టారు.

"పనామా పెట్టమ్మా," అన్నాడు జగ్గయ్య, పందెంకోడిలా నిటారుగా కూర్చుని.

పేజీ సగం వచ్చి ఆగింది, మళ్లీ కదిలింది. ఫ్లోరెన్స్ చదివి, "అక్కడ స్పానిష్ మాట్లాడతారట తాతగారూ. అంకెలు వినండి," అని స్పీకర్లు పెట్టింది.

"ఉనో, దోస్, ట్రెస్..."

జగ్గయ్య మొహం వాడిపోయింది. అందులో తను ఎరిగిన ముక్క ఒక్కటీ లేదు. "ఇది కాదమ్మా. ఈడెవుడో దొంగోడు."

"పనామా వోడికే పనామా బాస రాదంతావేటి బావా!" అర్జునరావు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఫ్లోరెన్స్ మాత్రం నవ్వలేదు. "మీ పనామావాళ్లు ఎలా ఉండేవారు?"

"మనలాగేనమ్మా. మూడు పూటలా అన్నమే. ఎండుసేపలు ఏపుకునీవోలు. గదిలో మేరీమాత పటం. ఆదివారం వత్తే సర్చికి దారెటని నన్నే అడిగీవోలు."

"అయ్యో, వాళ్లు మా చర్చికే వచ్చేవారు తాతగారూ! ఫిలిప్పీన్స్ వాళ్లు. ఓడ పనామాలో రిజిస్టరైందంతే. నాగాలాండ్ నంబరు లారీ నడిపేవాడు నాగాలాండ్ వాడవుతాడా ఏంటి?"

ఆమె ఇంకోచోట నొక్కింది. "ఇసా, దలావా, తత్లో..."

జగ్గయ్య దిగ్గున లేచాడు. కుడిచెయ్యి దానంతటదే గాల్లోకి వెళ్లింది. "ఆపత్! లీమా! ఆనిమ్!" అని గోడలదిరేలా అందుకున్నాడు. పక్క కంప్యూటర్ల కుర్రాళ్లు హెడ్‌ఫోన్లు తీసి చూశారు. స్పీకర్లలో గొంతు పదితో ఆగిపోయినా, జగ్గయ్య మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాడు.

మన్రోవియా భాష గ్రీకని తేలింది. మిగతావీ వరసగా నిలబడ్డాయి. చివరి హోండురాస్ భాష దగ్గరే చిక్కొచ్చింది. అదీ ఇసా, దలావాయే! పనామా భాషా అదీ ఒకేలా ఉంటాయని జగ్గయ్యకు మొదట్నుంచీ తెలుసు. చుట్టాల దేశాలు కాబోలనుకున్నాడు.

"అయితే ఎనిమిదే బావా," అన్నాడు అర్జునరావు, ఈసారి కాస్త మెత్తగా.

"ఎనిమిదే ఎయ్యి. లేందాన్ని ఉందని అచ్చేయించుకునే కర్మ నాకేటి?"

అలాగే అచ్చయింది. సన్మానానికింకా నెల గడువుంది. రోజూ సాయంత్రం జగ్గయ్య నెట్ సెంటరులో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు. పెట్టెతో సరసాలాడతన్నాడని గంగాలమ్మ వీధంతా చెప్పింది.

సభలో అర్జునరావు సన్మానపత్రం చదివాడు. ఎనిమిది భాషలు అనగానే జగ్గయ్య మైకు లాక్కున్నాడు.

"తొమ్మిది! పనామాలో మాటాడే అసలు బాస ఇప్పుడు నేర్సుకున్నాను." ఉనో నుంచి పది దాకా గుక్కతిప్పుకోకుండా చెప్పి, అర్జునరావువైపు తిరిగి అదే స్పానిష్‌లో పెళ్లాం పిల్లల క్షేమం అడిగాడు. హాలంతా చప్పట్లు.

"అదేటన్నావో నాకేటి తెలుసు బావా?" అంటూ అర్జునరావు శాలువా విప్పాడు.

జగ్గయ్య సరుకు ఆపినట్టు చెయ్యి అడ్డుపెట్టాడు. "ముందు అంకె దిద్దు. శాలువా తరవాత."

అందరి ముందూ అర్జునరావు జేబులోంచి పెన్ను తీసి, ఎనిమిది కొట్టేసి తొమ్మిది రాశాడు.